బోరు బండి రాకముందు రాసుకోవాల్సిన కాగితం

2003 ఎండాకాలంలో మా నాన్న మా పొలంలో వరసగా మూడు బోర్లు వేయించాడు. మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పైన ఎర్రమట్టి, దాని కింద కొంత మేర మెత్తబడిన రాయి, ఇక ఆ కిందంతా గట్టి బండ. మొదటి బోరు 280 అడుగుల దాకా పోయినా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. రెండోది 300 అడుగులు దాటినా అదే దుమ్ము. మూడోదానికి చేతిలో డబ్బు లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ వేయించాడు, అది 340 అడుగుల దగ్గర నీళ్ళు చిమ్మింది. ఆ సాయంత్రం బోరు బండికి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టడం, మా అమ్మ బండి మీది తమిళ కూలీలకు పాయసం వడ్డించడం, బురద నీళ్ళలో తడిసిన నాన్న ఆ బట్టలతోనే అరుగు మీద కూర్చుని వచ్చిన వాళ్ళందరికీ అడుగుల లెక్క చెప్పడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

ఆ రోజు మా ఇంట్లో అందరం ఒక పాఠం నేర్చుకున్నాం: రెండు బోర్లు పోయినా జంకకుండా మూడోది వేశాడు కాబట్టే నీళ్ళు పడ్డాయి. ఆ నీటి ధైర్యంతోనే 2005లో 4 ఎకరాల్లో 440 చీనీ (బత్తాయి) మొక్కలు నాటాం. 2012లో ఆ బోరు సగానికి సగం తగ్గిపోయినప్పుడు నాన్న తాను నేర్చుకున్న పాఠాన్నే అమలు చేశాడు. ఒకటి పోతే రెండోది, రెండు పోతే మూడోది, మూడూ పోయినాక "మూడు పోయినాయి, నాలుగోదన్నా పడకుండా పోతుందా?" అంటూ నాలుగోది వేయించాడు. నాలుగూ పోయాయి. ఆ అప్పు తీర్చడానికి రోడ్డు పక్కన ఉన్న 2 ఎకరాలు అమ్ముకున్నాం.

చాలామంది ఈ కథ విని 2012 నాటి నిర్ణయాన్ని తప్పుపడతారు. నా వాదన అది కాదు. మా ఇంట్లో తప్పుడు నిర్ణయం జరిగింది 2003లో, నీళ్ళు పడిన రోజున. ఏ అంచనా లేకుండా, ఎక్కడ ఆగాలో తెలియకుండా, వడ్డీ డబ్బుతో వేసిన బోరులో నీళ్ళు పడటం మా అదృష్టం. ఆ అదృష్టానికి మేం ధైర్యమని పేరు పెట్టుకుని, తొమ్మిదేళ్ళ తర్వాత దాని వెల 2 ఎకరాలుగా చెల్లించాం. నిర్ణయం మంచిదా కాదా అన్నది దాని ఫలితాన్ని బట్టి తేల్చకూడదని, నిర్ణయం తీసుకున్న పూట చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టే తేల్చాలని, అలా తేల్చాలంటే ఆ పూట మన ఆలోచన ఏమిటో కాగితం మీద ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. కాగితం లేకపోతే జ్ఞాపకం ఫలితం వైపు ఒరిగిపోతుంది. నీళ్ళు పడితే "నాకు ముందే తెలుసు" అంటుంది, పడకపోతే "నేను అప్పుడే వద్దన్నాను" అంటుంది.

మన సామెతలు కూడా ఈ పనికే ఎక్కువగా అక్కరకొస్తాయి. తొందరపడి లాభపడినవాడికి "ఆలస్యం అమృతం విషం" సిద్ధంగా ఉంటుంది, ఆగి లాభపడినవాడికి "నిదానమే ప్రధానం" ఉంటుంది. రెండూ పని జరిగాక గుర్తొచ్చేవే. ఇక "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అన్న సామెత మా జిల్లాలో ఎన్ని ఎకరాలు అమ్మించిందో లెక్క తీసినవాళ్ళు లేరు. ఎక్కడ పోయిందో అక్కడే మళ్ళీ పెట్టమని చెప్పే ఈ మాటలో, పోయిన డబ్బు ఎలాగూ పోయిందని, ఇక తేల్చుకోవాల్సింది ఇప్పుడు పెట్టబోయే రూపాయి గురించి మాత్రమేనని అర్థశాస్త్రం చెప్పే సంగతికి చోటే లేదు. 400 అడుగులు తవ్వాక మరో 100 అడుగులు పోవాలా వద్దా అన్న ప్రశ్నకు, ముందు తవ్విన 400 అడుగుల ఖర్చుతో సంబంధం లేదు. సంబంధం ఉన్నది ఆ 100 అడుగుల్లో నీళ్ళు తగిలే అవకాశంతోనూ, ఆ 100 అడుగులకయ్యే ఖర్చుతోనూ మాత్రమే. అవకాశం చూస్తే, మా వైపు గట్టి రాతిలో నీళ్ళుండేది పైన మెత్తబడిన పొరలోనూ కింద రాతి పగుళ్ళలోనూ. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు సాధారణంగా తగ్గుతూ వస్తాయి. ఖర్చు చూస్తే, ఒక లోతు దాటాక ప్రతి 100 అడుగులకూ అడుగు రేటు పెరుగుతుంది. కిందికి పోయేకొద్దీ అవకాశం తగ్గి ధర పెరిగే సరుకును, ఇప్పటికే చాలా కొన్నాం కాబట్టి ఇంకొంచెం కొందామని కొనే అంగడి ఇది ఒక్కటే కాబోలు.

2016లో ఇదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. వానలు సరిగా లేవు, ఎండాకాలం ముందుంది. అప్పటికి వ్యవసాయం తమ్ముడి చేతికి వచ్చింది, నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, బోరు వేయాల, తోట ఎండిపోతా ఉంది, ఒక లక్ష సర్దు" అన్నాడు. డబ్బు పంపడమో పంపకపోవడమో చేసి ఊరుకుంటే సరిపోయేది. అయితే 2012 నాటి అప్పులో నా జీతం కూడా కొంత పోయింది కాబట్టి ఈసారి ఊరికి వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాను. ఆ నాలుగు రోజులూ మేం చేసిన పని గురించే ఈ వ్యాసం.

మొదటి రోజు మేం మార్చింది ప్రశ్నను. "బోరు వేయాలా, వద్దా" అన్న ప్రశ్నకు రెండే జవాబులు. ఒకదాన్ని ఎంచుకుంటే ధైర్యవంతుడు, రెండోదాన్ని ఎంచుకుంటే పిరికివాడు. ఇలాంటి ప్రశ్న ముందు నిలబడినవాడు ఆలోచించడు, తన మగతనాన్ని నిరూపించుకుంటాడు. మాకు కావాల్సింది బోరు కాదని, చెట్లు జూన్ దాకా బతకడమని తమ్ముడు ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ ఒక్క మాట ఒప్పుకున్నాక దారులు వాటంతటవే తెరుచుకున్నాయి: ఉన్న నీటితో ఎన్ని చెట్లు సాకగలం, మిగతావాటికి ట్యాంకరుతో నీళ్ళు తోలితే ఎంతవుతుంది, కొన్ని చెట్లు వదులుకుంటే నష్టమెంత, బోరు వేస్తే ఒకటా రెండా.

రెండో రోజు నీళ్ళు కొలిచాం. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, కార్పొరేట్ శిక్షణ తరగతిలో నేర్చుకున్నదీ కాదు. మా మేనమామ వాళ్ళ ఊరివాళ్ళు చేస్తుంటే చూసింది. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, భూగర్భజలాల లెక్కను రైతులే చూసుకునే పథకం నడిచింది. ఆ పల్లెల్లో రైతులే వాన కొలిచారు, ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీ మొదట్లో ఊరంతా కూర్చుని భూమిలోకి ఎంత నీరు దిగింది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఆ లెక్క చూశాక ఎవరు ఏ పంట వేయాలన్నది మాత్రం ఎవరి ఇష్టం వారిదే; ఆంక్షలూ లేవు, జరిమానాలూ లేవు. ఆలోచనకు ఒక క్రమం ఉండటమనేది చదువుకున్నవాళ్ళ షోకు అనుకునేవాళ్ళకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఆ పల్లెలే. సంతకం చేయడమే కష్టంగా వచ్చినవాళ్ళు గోడమీద రాసిన అంకెలను చూసి వరి మానుకోవాలా అని వాదించుకున్నారు.

మా కొలత చాలా సాదా. 200 లీటర్ల నీలం డ్రమ్మును డెలివరీ పైపు కింద పెట్టి ఫోన్‌లో సెకన్లు చూశాం. మొదటిసారి తమ్ముడు మోటారు వేయగానే లెక్క మొదలుపెడితే డ్రమ్ము త్వరగా నిండింది. తొట్టి దగ్గర కూర్చుని చూస్తున్న నాన్న "అదేంది, మొదట వచ్చేది నిల్వ నీళ్ళు కదప్పా, గంట ఆడనీయండి" అన్నాడు. గంట ఆడిన తర్వాత కొలిస్తే 160 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు లీటరుంబావు, గంటకు 4,500 లీటర్లు, వచ్చే కరెంటు 7 గంటలు కాబట్టి రోజుకు 31,500 లీటర్లు. ఏప్రిల్ నాటికి ఇందులో మూడోవంతు తగ్గుతుందని కిందటేటి అనుభవంతో తమ్ముడు చెప్పాడు కాబట్టి 21,000 అనుకున్నాం. ఎండాకాలంలో కాపుమీదున్న చెట్టుకు రోజుకు 100 లీటర్లని లెక్క వేసుకుంటే మా బోరు మోయగలిగింది 210 చెట్లను. మాకున్నవి 440.

ఇన్నేళ్ళూ "నీళ్ళు చాలడం లేదు" అన్న మాట మా ఇంట్లో రోజూ వినిపించేది. ఎన్ని చెట్లకు చాలడం లేదో ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు. తోట మొత్తానికీ అరకొరగా నీళ్ళు పెట్టి మొత్తం తోటనూ కొద్దికొద్దిగా చంపుకుంటున్నామన్న సంగతి ఆ అంకె రాసుకున్నాకే బయటపడింది.

తర్వాత ట్యాంకరు లెక్క. మిగిలిన 230 చెట్లకూ పూర్తి నీళ్ళు పెట్టాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 5 కావాలి. ట్యాంకరు 600 రూపాయలు. 90 రోజులకు 2,70,000. ఇది అయ్యే పని కాదు. అయితే కాపు ఆశ వదులుకుని, చెట్టు చావకుండా ఉంటే చాలనుకుంటే రోజుకు 20 లీటర్ల తడి సరిపోతుందని నాన్న చెప్పాడు. అప్పుడు 4,600 లీటర్లు, అంటే రోజుకు ఒకే ట్యాంకరు, మూడు నెలలకు 54,000 రూపాయలు. ఒక బోరు 500 అడుగులు వేయించడానికి అప్పటి రేట్లలో అయ్యేది కూడా దాదాపు అంతే, 60,000. నీళ్ళు పడితే మోటారు, పైపులు, కేబులు కలిపి మరో 90,000. ఒకపక్క 54,000కు కచ్చితంగా వచ్చే తడి, ఇంకోపక్క 60,000కు రావచ్చో రాకపోవచ్చో తెలియని నీళ్ళు. ఈ పోలిక నిజానికి చిన్నపిల్లవాడు వేయగల లెక్క. ఏడు బోర్ల కాలంలో ఒక్కసారీ మేం వేయలేదు.

మూడో రోజు చేసింది అన్నిటికంటే విలువైన పని అని నా అభిప్రాయం. మా పొలానికి అర కిలోమీటరు లోపల ఉన్న పొలాలన్నీ తిరిగి, 2001 నుంచి 2011 దాకా ఎవరెవరు ఎన్ని బోర్లు వేశారో రాసుకున్నాం. 2011 దగ్గర ఆపింది ఎందుకంటే, నీళ్ళు పడిన బోరు ఐదేళ్ళు నిలిచిందా లేదా అన్నదీ మాకు తెలియాలి. మొత్తం 23 బోర్లు. వేసిన రోజు నీళ్ళు పడినవి 9. ఐదేళ్ళ తర్వాత కూడా ఆడుతున్నవి 4. 500 అడుగులు దాటిపోయినవి 6, వాటిలో ఆ లోతు కింద నీళ్ళు చూసింది ఒక్కటి. రాసుకోవడానికి మాకు అంత సమయం పట్టడానికి కారణం, పడిన బోరు గురించి ప్రతివాళ్ళూ అడగకుండానే చెప్తారు, పోయిన బోరు గురించి రెండోసారి అడిగితే గాని చెప్పరు. కొన్నిచోట్ల కేసింగు పైపు కూడా పీకేసి పూడ్చేశారు. ఊళ్ళో చెప్పుకునే కథల్లో పడిన బోర్లే ఎందుకు ఎక్కువగా ఉంటాయో అప్పుడర్థమైంది.

డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సొంత అనుభవం ఒకటి చెప్పేవాడు. ఇజ్రాయెల్‌లో ఆయనా కొందరు సహచరులూ ఒక బడి పాఠ్యపుస్తకం తయారీకి పూనుకున్నారు. ఎంతకాలం పడుతుందో ఎవరికివారు కాగితం మీద రాయమంటే అందరూ రెండేళ్ళకు కాస్త అటూఇటూగా రాశారు. ఆ బృందంలోనే ఇలాంటి పనుల్లో పండిపోయిన నిపుణుడు ఒకాయన ఉన్నాడు. మనలాంటి ఇతర బృందాలకు ఎంత పట్టిందని ఆయన్ను అడిగితే, నూటికి నలభై బృందాలు పని పూర్తిచేయనే లేదని, చేసినవాటికి ఏడు నుంచి పదేళ్ళు పట్టిందని చెప్పాడు. విశేషమేమిటంటే, ఆ సంగతి తెలిసిన ఆయన కూడా అంతకు ముందు కాగితం మీద మిగతావాళ్ళలాగే రెండేళ్ళని రాశాడు. విన్నాక కూడా ఎవరూ పని మానలేదు, చివరికి 8 ఏళ్ళు పట్టింది. మన పని గురించి ఆలోచించేటప్పుడు మన పట్టుదల, మన పొలం, బోరు వేయడానికి మనం గుర్తుపెట్టుకున్న పాయింటు మాత్రమే కనబడతాయి. పక్క పొలం బోరు వేరే కథ అనిపిస్తుంది. మా 23 బోర్ల జాబితా చేసిన మేలు, మా పొలాన్ని ఆ వేరే కథల వరసలో ఇరవై నాలుగోదిగా నిలబెట్టడం.

ఆ రాత్రి తమ్ముడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "23లో 9 అంటే ఒక్క బోరుకు అవకాశం తక్కువే. కానీ మూడు వేస్తే ఒకటన్నా పడదా?" ఒక బోరు పోయే అవకాశం 23లో 14, అంటే నూటికి 61. మూడూ పోయే అవకాశం దాన్ని మూడుసార్లు గుణిస్తే నూటికి 23. అంటే కనీసం ఒక్కటైనా పడే అవకాశం నూటికి 77. నాన్న దగ్గర ఈ గుణకారం లేకపోయినా ఈ భావమే ఉండేది, అది తప్పేమీ కాదు. కానీ మాకు కావాల్సింది ఆ రోజు చిమ్మే నీళ్ళు కాదు, ఐదేళ్ళు నిలిచే నీళ్ళు. ఆ లెక్కన ఒక బోరు పోయే అవకాశం 23లో 19, మూడు వేసినా నిలిచే నీళ్ళు దొరికే అవకాశం నూటికి 44 మాత్రమే. పైగా ఈ గుణకారమంతా ఒక బోరుకూ మరో బోరుకూ సంబంధం లేదన్న ఊహ మీద నిలబడింది. నాణెం ఎగరేస్తే ఆ ఊహ చెల్లుతుంది. ఒకే పొలంలో, ఒకే బండ మీద, వందేసి అడుగుల దూరంలో వేసే బోర్లకు అది చెల్లదు. మొదటిది పోయిందంటే కింద రాయి ఎలాంటిదో కొంత చెప్పినట్టే, అంటే రెండోదాని మీద ఆశ తగ్గించుకోవాల్సిందే. ఒకవేళ పడినా, పాత బోరు నీళ్ళే కొత్త బోరులోకి వచ్చి ఉండవచ్చు. నాన్న నాలుగోది వేసేటప్పుడు "మూడు పోయినాయి కాబట్టి" అన్న మాటలో ఉన్న దోషం ఇదే. పోయిన ప్రతి బోరూ ఆయన ఆశను పెంచింది, నిజానికి తగ్గించాల్సింది.

పాయింటు చూసేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే క్రమపద్ధతి గురించి ఎప్పుడు మాట్లాడినా "అనుభవం ముందు మీ లెక్కలెంత" అన్న మాట వస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే నీళ్ళున్నట్టని చెప్పేవారికీ, వేప పంగలకర్ర వంగితే నీళ్ళున్నట్టని చెప్పేవారికీ మా వైపు ఇప్పటికీ పిలుపులు వస్తాయి. వాళ్ళను ఎగతాళి చేయడం తేలిక. నాకు ఆసక్తికరంగా తోచేది వేరే సంగతి. మా నాన్న చీనీ ఆకు రంగు చూసి చెట్టుకేం తక్కువైందో చెప్పగలడు, ఆవు నడక చూసి ఏ పూట ఈనుతుందో చెప్పగలడు. ఆ అనుభవం ముందు నా లెక్కలు నిజంగానే చాలవు. ఎందుకంటే వందల చెట్లను, పదుల ఈతలను ఆయన చూశాడు, ప్రతిసారీ తన అంచనా తప్పో ఒప్పో వెంటనే తెలిసింది. బోరు విషయంలో జీవితం మొత్తం మీద ఆయన చూసిన సొంత ప్రయోగాలు ఏడు. పాయింటు చూసేవాడైతే కొబ్బరికాయ, డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. నీళ్ళు పడితే కబురొస్తుంది, పడకపోతే ఎవరూ మొహం చూపరు. అనుభవం జ్ఞానంగా మారాలంటే తప్పు జరిగినప్పుడు ఆ తప్పు తిరిగొచ్చి తలుపు తట్టాలి. అది జరగని చోట ముప్పై ఏళ్ళ అనుభవమంటే మొదటి ఏడాది అనుభవమే ముప్పై సార్లు.

అంతఃస్ఫూర్తికి చోటే లేదని నేననడం లేదు. ఇదే కానమన్ 21 ఏళ్ళ వయసులో, 1955 ప్రాంతంలో, ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తగా చేరేవాళ్ళను ఏ విభాగానికి పంపాలో తేల్చే ఇంటర్వ్యూల పద్ధతిని మార్చే పని చేశాడు. అంతకు ముందు ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కాసేపు మాట్లాడి మొత్తంగా ఒక అభిప్రాయానికి వచ్చేవారు, ఆ అభిప్రాయాలు తర్వాతి పనితీరుతో పెద్దగా కలిసేవి కావు. ఆయన ఆరు లక్షణాలు ఎంచి, ఒక్కోదాని గురించి వాస్తవాలు మాత్రమే అడిగి, ఒక్కోదానికి విడిగా మార్కు వేసి గాని ముందుకు పోకూడదని నియమం పెట్టాడు. మమ్మల్ని మరబొమ్మలను చేస్తున్నావని వాళ్ళు తిరగబడితే, అన్ని మార్కులూ వేశాక చివర్లో కళ్ళు మూసుకుని మీకేమనిపిస్తుందో దానికీ ఒక మార్కు వేయమన్నాడు. ఆయన్నే ఆశ్చర్యపరిచిన సంగతి, ఆ చివరి మార్కు కూడా బాగా పనికొచ్చింది. మనసు మాట వినవచ్చు, కాకపోతే వాస్తవాలు ఒక్కొక్కటిగా చూశాక వినాలి. ముందే విన్నామంటే తర్వాత చూసే వాస్తవాలన్నీ ఆ మాటకే సాక్ష్యం చెబుతాయి.

నా మాట ఇంత ధీమాగా ఉందని నేను పట్టికల భక్తుణ్ణి అనుకోవద్దు. హైదరాబాదులో ఇల్లు కొనేటప్పుడు నేనూ నాలుగు ఫ్లాట్లకు పది అంశాలతో పట్టిక వేశాను, ఒక్కో అంశానికి ఇంత ప్రాముఖ్యమని అంకెలు ఇచ్చాను. మొత్తం చూస్తే నాకు నచ్చిన ఫ్లాటు మూడో స్థానంలో వచ్చింది. గాలీ వెలుతురుకు ఇచ్చిన అంకె పెంచి, ఆఫీసు దూరానికి ఇచ్చింది తగ్గించి దాన్ని మొదటి స్థానానికి తెచ్చుకున్నాను. ఇప్పుడు రోజూ గంటన్నర బస్సులో కూర్చుని ఆ గాలీ వెలుతురూ గుర్తు చేసుకుంటూ ఉంటాను. మొత్తం చూశాక అంకెలు మార్చేవాడికి ఏ పట్టికా సాయం చేయలేదు.

ఈ విషయంలో నాకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772 సెప్టెంబరులో జోసెఫ్ ప్రీస్ట్‌లీకి రాసిన ఉత్తరమంటే గౌరవం. ఒక ప్రభువు దగ్గర కొలువులో చేరాలా వద్దా అని ప్రీస్ట్‌లీ సలహా అడిగితే, నీ పరిస్థితులు పూర్తిగా తెలియవు కాబట్టి ఏం చేయాలో చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో చెబుతానన్నాడు. కాగితాన్ని గీతతో రెండుగా విడదీసి, ఒకవైపు అనుకూలాలు, రెండోవైపు ప్రతికూలాలు మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాసుకుంటూ పోయి, సమానంగా తూగేవాటిని కొట్టేస్తూ వచ్చి, మిగిలిందేదో చూడమన్నాడు. రెండు నిలువు వరసలు అందరికీ గుర్తుంటాయి. ఆ "మూడు నాలుగు రోజులు" ఎవరికీ గుర్తుండదు. ఒక పూట కోపంలో ఉన్నప్పుడు తోచే కారణాలు వేరు, మర్నాడు అన్నం తిన్నాక తోచేవి వేరు. అన్నీ ఒకేచోట చేరేదాకా ఆగడంలోనే ఆ పద్ధతి బలముంది. ప్రీస్ట్‌లీ ఆ కొలువులో చేరాడు, 1774లో అక్కడ ఉండగానే ఆక్సిజన్ వాయువును వేరుచేశాడు. ఆక్సిజన్ దొరికింది కాబట్టి మంచి నిర్ణయమనే ఉద్దేశం ఎవరికైనా కలిగితే, ఈ వ్యాసం మొదటి పేరా మరోసారి చదవమని మనవి.

నాలుగో రోజు కాగితం రాశాం. నా లెక్క ప్రకారం ఒక్క బోరు కూడా అక్కరలేదు. తమ్ముడి లెక్క ప్రకారం ఒక్కటైనా వేయకపోతే మనసు ఊరుకోదు, రేపు చెట్లు చస్తే ఊళ్ళో తలెత్తుకోలేడు. పొలం చేసేది అతను, మాట పడేది అతను కాబట్టి ఒక బోరు వేయాలనే తేలింది. అది రాజీ అని కాగితం మీద అలాగే రాశాం. రాసే ముందు ఇంకో చిన్న పని చేశాం. నిర్ణయాల మీద పరిశోధన చేసే గ్యారీ క్లైన్ దీనికి ప్రీమార్టమ్ అని పేరు పెట్టాడు. పని మొదలుకాకముందే, అది పూర్తిగా చెడిపోయిందని అనుకుని, ఎందుకు చెడిందో ప్రతి ఒక్కరూ చెప్పాలి. "ఏమవుతుందో" అని అడిగితే మా ఇంట్లో ఎవరూ అపశకునం పలకరు. "జూన్ వచ్చింది, బోరూ పోయింది, తోటా పోయింది, ఎట్ల పోయింటుంది?" అని జరిగిపోయినట్టు అడిగితే మాత్రం మా అమ్మ మొదటగా నోరు విప్పింది: "ఇంకేముంది, బండివాడు ఇంకో నూరడుగులు పోదామంటాడు, వీడు సరేనంటాడు, ట్యాంకరుకని పెట్టిన దుడ్డు దాంట్లోకి పోతుంది."

ఏడు బోర్ల చరిత్రను ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు. అందుకే కాగితంలో మొదటి వాక్యం ట్యాంకరు డబ్బు గురించే రాశాం: 54,000 అమ్మ పేరున్న బ్యాంకు ఖాతాలో ఉంటాయి, బోరు కోసం అవి తీయరాదు. తర్వాత: ఒకే బోరు, 500 అడుగులు, నీళ్ళు పడకపోతే అక్కడే ఆపాలి, రెండోది ఈ ఏడాది లేదు. కింద, 23 బోర్ల లెక్క చూసే ఈ హద్దు పెట్టుకున్నామని, 500 కింద నీళ్ళు ఉండవచ్చని తెలిసే వదులుకుంటున్నామని రాసి, తేదీ వేసి ముగ్గురం సంతకాలు పెట్టాం. నాన్న పెట్టలేదు. ఆయనకు ఈ తతంగమంతా వడ్డీ వ్యాపారి ప్రోనోటులాగా కనిపించింది.

బోరు బండి పక్కన నిలబడినవాళ్ళకు తెలుస్తుంది, అక్కడ ఆలోచన సాధ్యం కాదని. కంప్రెసరు మోతకు పక్క మనిషి మాట వినపడదు, తెల్లటి రాతిదుమ్ము కళ్ళలోనూ నోట్లోనూ పడుతుంది, రాడ్డు మీద రాడ్డు దిగుతూ ఉంటుంది, మీటరు తిరుగుతున్నట్టు డబ్బు దిగుతూ ఉంటుంది. 500 దగ్గర బండి మేస్త్రీ గుప్పెడు రాతిపొడి తీసుకొచ్చి తమ్ముడి అరచేతిలో పోసి, రాయి రంగు మారుతోంది సార్, ఇంకో వంద పోదాం అన్నాడు. పొడి నిజంగానే కొంచెం నల్లగా ఉంది. అతను మోసగాడని నేననుకోను, అతనికీ నీళ్ళు పడితేనే పేరు. తమ్ముడు ఆ పొడిని వేళ్ళతో రాసుకుంటూ నావైపు చూశాడు. నేనేమీ అనలేదు, అంటే గొడవయ్యేది. జేబులోంచి కాగితం తీయనైనా లేదు, అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు. చెయ్యెత్తి బండి ఆపమని సైగ చేశాడు.

రెండు నెలల తర్వాత మా కింది పొలం ఆయన బోరు వేస్తే 620 అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. ఆ కబురు విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు. "ఆ నూరడుగులూ పోయింటే" అన్న మాట మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ప్రీమార్టమ్‌లో నోరు విప్పింది ఆమే అయినా. మా నిర్ణయం తప్పా? ఆ రోజు మాకు తెలిసింది 500 దాటిన ఆరింటిలో ఒక్కటే పడిందని. ఇప్పుడు ఏడింటిలో రెండు. ఆ లెక్కతో మళ్ళీ అడిగినా నేను ఆపమనే అంటాను, ఎవరైనా కాదంటే కాగితం ముందు పెట్టి వాదిస్తాను. కనీసం వాదించడానికి మా దగ్గర ఒక కాగితం ఉంది. 2003లో అది లేకపోబట్టే మేం అదృష్టంతో వాదించలేకపోయాం. ఆ ఎండాకాలం 230 చెట్లకు రోజూ ఒక ట్యాంకరు తడి పెట్టాం, 38 చెట్లు చచ్చాయి, మిగతావి నిలిచాయి, ఆ ఏడు వాటికి కాపు లేదు.

కాగితం ఇప్పటికీ పట్టాదారు పాసుపుస్తకం పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో ఉంది. కిందటి నెల ఊరికి వెళ్తే తమ్ముడు దాన్ని తీసి మంచం మీద పరిచి, వెనకవైపు ఖాళీగా ఉన్న చోట ఏదో రాసుకుంటున్నాడు. దానిమ్మ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాడట. "వద్దా అన్నది తీసేయి" అన్నాను. నవ్వి, ఆ మాట కొట్టేసి, "ఎన్ని ఎకరాలు, ఎవరి నీళ్ళతో" అని రాసి, డ్రమ్ము కడగమని కొడుకును కేకేశాడు.